అమ్మ చీరలకు పడుగు దారం

ఉతికిన మ్యాట్‌ను ఒక మూల పట్టుకుని బకెట్‌లోంచి పైకి లేపాను. టప్ టప్‌మని రెండు చప్పుళ్లు. ఆ మూల నుంచి చీర పేలికలు ఒక్కొక్కటే ఊడి నా కాళ్ల మీద పడ్డాయి. ముందు ఆకుపచ్చ, తర్వాత పసుపు, ఆ తర్వాత అమ్మ బతుకమ్మకు కట్టుకునే మెరూన్ రంగుది. తడి మ్యాట్‌ను అలాగే రెండు చేతులతో పట్టుకుని బాత్‌రూమ్‌లో కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది.

అమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె నేత చీరలు 11 మిగిలాయి. అన్నీ నలిగి, మడతల దగ్గర చిరుగులు పట్టినవే. ఎవరికైనా ఇద్దామంటే కట్టుకునేలా లేవు, పారేద్దామంటే చెయ్యి రాదు. ఇంగ్లండ్‌లో ఉంటున్న మా అమ్మాయి అక్కడ పెగ్ లూమ్ అనే చిన్న పుల్లల మగ్గం మీద నేయడం నేర్చుకుంది. అక్కడ గొర్రెలు పెంచుకునేవాళ్లు ఉన్నిని వడకకుండానే దీనిమీద చుట్టి తివాచీలు చేసుకుంటారట. "ఉన్నికి బదులు అమ్మమ్మ చీరలు చింపి నెయ్యమ్మా" అని కొలతలు పంపింది. హనుమకొండలో మాకు తెలిసిన వడ్రంగి టేకు ముక్కతో రెండు రోజుల్లో చేసిచ్చాడు.

చూడ్డానికి చాలా చిన్న వస్తువు. రెండడుగుల చెక్క, దాని మీద వరసగా 24 రంధ్రాలు, వాటిలో నిలబెట్టిన 24 కర్ర పుల్లలు. ప్రతి పుల్లకూ అడుగున ఒక బెజ్జం. ఆ బెజ్జంలోంచి దారం దూర్చి, రెండు కొసలూ సమానంగా వెనక్కి వదిలేయాలి. అదే పడుగు. చీర పేలికను పుల్లల మధ్య ముందుకూ వెనక్కూ తిప్పుతూ పోతే అది పేక. పుల్లలు నిండాక ఒక్కొక్కటే పైకి లాగితే అల్లిక జారి దారం మీదికి దిగుతుంది. ఖాళీ పుల్లను మళ్లీ రంధ్రంలో గుచ్చి నేత కొనసాగించాలి. మామూలు మగ్గం మీద పడుగును బిగించి కడతారు. ఇక్కడ బిగింపే లేదు, దారం వదులుగా వేలాడుతూ ఉంటుంది. పైగా పూర్తయ్యాక పడుగు బయటికి కనిపించదు, పేక దాన్ని మొత్తం కప్పేస్తుంది. అందుకే ఏ దారమైనా సరిపోతుందనుకున్నాను.

మొదట పురికొస వేశాను. గట్టిదే కదా అని. మూడోసారి పుల్లలు లాగేటప్పటికి చెక్క మీద తవుడు లాంటి పొడి రాలడం మొదలైంది. ఐదోసారికి ఒక పుల్ల దారం లేకుండా చేతిలోకి వచ్చేసింది. చూస్తే, సరిగ్గా బెజ్జంలో మడత పడే చోట తెగింది. అప్పుడది పురికొస తప్పు అనుకున్నాను గానీ, అది ఎందుకు అక్కడే తెగిందని ఆలోచించలేదు.

రెండోసారి ఫ్యాన్సీ షాపులో కుచ్చులు కట్టడానికి అమ్మే మెరిసే లావు దారం తెచ్చాను. నున్నగా ఉంది, పుల్లలు వెన్నలో కత్తిలా జారాయి. మూడు చీరలతో మూడడుగుల మ్యాట్ వారంలో పూర్తయింది. మంచం పక్కన వేసుకుని రెండు నెలలు దాని మీదే పాదం పెట్టి లేచాను. మొదటిసారి ఉతికిన రోజునే నేను పైన చెప్పింది జరిగింది.

ఒక్కటే ఊరట. పేలికలకు ఏమీ కాలేదు. పోయింది పడుగే. అన్నిటినీ విప్పి ఆరేసి ఉండలు చుట్టి పెట్టాను. ఈసారి సరైన దారం దొరికేదాకా మగ్గం ముట్టుకోవద్దనుకున్నాను.

బాల్కనీలో గ్రిల్‌కు ఒక్కో రకం దారం కట్టి, కింద సంచి తగిలించి, అందులో లీటరు నీళ్ల బాటిళ్లు ఒక్కొక్కటే వేస్తూ పోయాను. పూలు కట్టే నూలు దారం రెండో బాటిల్‌కే తెగింది. దానికి పురి తక్కువ, మెత్తగా ఉంటుంది, పూలకాడ తెగకూడదు కదా. పురికొస ఏకంగా 9 బాటిళ్లు మోసింది. మెరిసే దారం పొడిగా ఉన్నప్పుడు 6 మోసింది. దాన్నే తడిపి కడితే మూడో బాటిల్‌కు తెగిపోయింది. మళ్లీ రెండుసార్లు చేసి చూశాను, అంతే. తర్వాత తెలిసింది, సిల్కు దారమని అమ్మే ఆ దారం విస్కోస్ అట. చెట్ల గుజ్జుతో తయారవుతుంది, తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. పొడిగా కిలోంబావు ఉన్న మ్యాట్ నీళ్లు పీల్చుకుంటే నాలుగు కిలోలు దాటుతుంది. దాన్ని నేను మూల పట్టుకుని లేపాను. బరువంతా అంచున ఉన్న రెండు పోగుల మీద పడింది.

నైలాన్ తాడుకు 15 బాటిళ్లు వేసి ఇక ఆపేశాను. ఇదే ఖాయమనుకుని నాలుగు పుల్లల మీద చిన్న ముక్క నేసి చూశాను. ముడి వేస్తే నిలవదు, కొంచెం కొంచెంగా జారిపోతుంది. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి ముడుచుకుంటుంది. దాంతో ముక్క అలల్లా లేచింది. అన్నిటికంటే నాకు నచ్చనిది, ఆ గట్టి దారం మెత్తని పాత చీర బట్టను లోపల్నుంచి కోస్తోంది. పడుగు నిలిచి అమ్మ చీర తెగితే నాకెందుకది?

ఇంత తిరిగాక గానీ వరంగల్‌లోనే ఉన్న కొత్తవాడ గుర్తు రాలేదు నాకు. జంపఖానాలకు పేరున్న చోటు. వరంగల్ దరీల పేరుతో ఈ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. నా పుల్లల్లో ఒకటి, తెగిన దారం ముక్కలు, బాటిళ్ల లెక్క రాసుకున్న కాగితం సంచిలో వేసుకుని వెళ్లాను. ఒక ఇంట్లో మగ్గం మీదున్న పెద్దాయన నేను చెప్పిందంతా విన్నాడు. కాగితం చూడలేదు. పుల్ల చేతికి తీసుకుని బెజ్జం అంచును బొటనవేలితో తడిమాడు.

"గుంజి సూస్తే ఏం తెలుస్తది బిడ్డా? రాసి సూడాలె" అన్నాడు.

పురికొస ముక్కను బెజ్జంలో దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగడం మొదలుపెట్టాడు. పదిసార్లకు నార లేచింది. ముప్పై దాటేలోపే తెగింది. 9 బాటిళ్లు మోసిన దారం అది! తర్వాత తన మగ్గం పక్కనున్న జంపఖానా పడుగు నూలు అలాగే దూర్చి లాగాడు. వంద లెక్కపెట్టాను. కొంచెం నూగు లేచిందంతే.

అప్పుడు అర్థమైంది నాకు. పెగ్ లూమ్‌లో పడుగు బరువు మోసేది చాలా తక్కువ. దాని అసలు కష్టం రాపిడి. పుల్ల లాగిన ప్రతిసారీ మడత పడేది అదే చోట, గరుకైన చెక్క అంచు మీద. అది కాక, మొదట నేసిన వరస మూడడుగుల పొడవునా ఆ దారాన్ని రాసుకుంటూనే కిందికి పోతుంది. మగ్గం మీద బిగింపు లేదని నేను దారాన్ని తేలిగ్గా తీసుకున్నాను.

ఆయన నూలు పోగును నాలుకతో తడి చేసుకున్న వేళ్ల మధ్య వెనక్కి తిప్పి పురి విప్పాడు. ఆరు పోగులు విడిపోయాయి. 10వ నంబరు నూలు. (నంబరు తగ్గేకొద్దీ నూలు లావు. ఒక పౌండు నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తాయో అదే నంబరు.) "ఒక్క లావు పోగు ఒక్క చోట అరిగితే అయిపాయె. ఆరు పోగులైతే ఒకటి అరిగినా అయిదుంటయి" అన్నాడు. నూలుకు ఇంకో గుణం కూడా ఉంది. తడిస్తే బలం తగ్గదు, కొంచెం పెరుగుతుంది. ఇంటికొచ్చి తడిపి బాటిళ్లు కట్టి చూశాను, నిజమే.

అయితే నా పుల్లల మధ్య ఎడం ఎక్కువ, చీర పేలికలు లావు. ఆ దారం ఒక్కటే వేస్తే సన్నమైపోతుంది. మూడు కలిపి పేనుకోమన్నాడు, అదీ నూలుకున్న పురికి ఎదురు దిక్కులో. నేను మొదట అదే దిక్కులో తిప్పాను. వదలగానే దారమంతా మెలికలు పడి చేతిలో ముద్దయింది. ఎదురు తిప్పితే బుద్ధిగా నిటారుగా నిలిచింది. డాబా మీద ఒక కొస గ్రిల్‌కు కట్టి, ఇంకో కొస డ్రిల్లింగ్ మిషన్‌కు బిగించిన కొక్కెంలో వేసి తిప్పాను. మా ఆయన మధ్యలో నిలబడి పోగులు కలవకుండా వేళ్లతో విడదీస్తూ వచ్చారు. ఒక్కో పుల్లకు మ్యాట్ పొడవుకు రెట్టింపు, ముళ్లకు ఇంకో 60 సెంటీమీటర్లు, మొత్తం 2.4 మీటర్లు. 24 పుల్లలకు 58 మీటర్లు. పేనితే పొడవు తగ్గుతుంది కాబట్టి కొంత ఎక్కువే చేసుకున్నాను.

పేనిన దారాన్ని వేడినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి ఆరేశాను. ఇది ఎవరూ చెప్పలేదు, నాకే తట్టింది. అమ్మ చీరలు ఎన్నో ఏళ్లు ఉతికినవి, కుదించుకుపోవాల్సినంత ఎప్పుడో పోయాయి. కొత్త నూలు అలా కాదు. మ్యాట్ నేశాక పడుగు ఒక్కటే కుదించుకుపోతే అల్లిక మొత్తం ముడతలు పడుతుంది. ఇంకో పని, 24 పుల్లల బెజ్జాలకూ సాండ్ పేపర్‌ను సన్నగా చుట్టి దూర్చి అంచులు నునుపు చేశాను. ఒక పూట పట్టింది. సగం సమస్య ఆ బెజ్జాల దగ్గరే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. ఎవరైనా పెగ్ లూమ్ చేయించుకుంటుంటే దారం కొనకముందే ఈ పని చేయండి.

అవే పేలికలతో మళ్లీ నేశాను. ఈసారి చెక్క మీద పొడి రాలలేదు. ఇప్పటికి నాలుగుసార్లు ఉతికాను. ఇప్పుడు మూల పట్టుకుని లేపడం లేదు, కింద రెండు చేతులూ వేసి ఎత్తుతున్నాను. మెరూన్ చీర ముక్క తల వైపు వచ్చేలా వేసుకున్నాను.

ఇంకా 8 చీరలున్నాయి. మా చెల్లెలికొకటి, మా అమ్మాయికొకటి నేయాలి. నూలు కోసం మళ్లీ కొత్తవాడ వెళ్లినప్పుడు మ్యాట్ చుట్టి తీసుకెళ్లాను. పెద్దాయన రంగుల వైపు చూడలేదు. నేల మీద పరిచి, తిరగేసి, అంచున ముళ్లు వేసిన చోట ఒక దారాన్ని గోటితో రెండుసార్లు గీకాడు. తర్వాత లేచి లోపలికెళ్లి రెండు చిలపలు తెచ్చి నా సంచిలో వేశాడు.