తొట్లకొండ మీద ఇరవై నిమిషాల పాట

విశాఖ వెళ్తే ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తినడం, కురుసురా సబ్‌మెరైన్ చూడడం, రాత్రి రైలెక్కేయడం. మా ఇంటి ఆనవాయితీ ఇదే. ఈసారి మేనల్లుడు ఒప్పుకోలేదు. "తొట్లకొండకి పోదాం మావయ్యా, నీకు ఒక పాట వినిపించాలి" అంటూ బండి తీశాడు. వాడు ఇంజినీరింగ్ చదువుతూ డ్రమ్స్ వాయిస్తాడు. రుషికొండ దాకా వాడి స్పీడుకి నాకు ఒకటే టెన్షన్.

భీమిలి రోడ్డు వదిలి కొండెక్కితే పాత బౌద్ధారామం: స్తూపం, ఇటుకల పునాదులు, వరసగా భిక్షువుల గదులు. ఒక్కో గదిలో మనిషి కాళ్లు చాపుకుంటే ఇక చోటుండదు. 1976లో నౌకాదళం జరిపిన విమాన సర్వేలో ఈ చోటు బయటపడిందట. అప్పుడు మావాడు ఎగిరి గంతేశాడు. వాడి పాట ఉన్న ఆల్బమ్ కూడా 1976దే!

కెనడా బ్యాండ్ 'రష్' వాళ్ల '2112' అది. పాట సుమారు ఇరవై నిమిషాలు. పూజారుల ఏలుబడిలోని లోకంలో ఒకడికి జలపాతం వెనక గుహలో పాత గిటార్ దొరుకుతుంది. తనంతట తనే నేర్చుకుని, సంబరంగా పూజారులకు చూపిస్తాడు. వాళ్లు దాన్ని తొక్కి ముక్కలు చేస్తారు. సాహిత్యం రాసిన నీల్ పియర్ట్ ఆ బ్యాండ్‌కి డ్రమ్మర్. మనిషి తన కాళ్ల మీద తనే నిలబడాలని రాసిన రచయిత్రి అయిన్ రాండ్ ప్రతిభకు కృతజ్ఞతలని ఆల్బమ్ మీదే వేశారు.

"ఎవరి మీదా ఆధారపడకు, అంతే కదా దీని అర్థం?" అన్నాడు మావాడు. నాకు అలా అనిపించలేదు. గిటార్ దొరికాక వాడు గుహలోనే వాయించుకుంటూ కూర్చోవచ్చు. నలుగురికీ వినిపించాలనే కదా పరిగెత్తాడు? ఆ ఆశ తెగిపోయాకే వాడు చచ్చిపోతాడు. '2112'కి ముందు ఆల్బమ్ సరిగ్గా ఆడక, పొట్టి పాటలు చెయ్యమని కంపెనీ ఒత్తిడి తెచ్చినా బ్యాండ్ వినలేదు. ఆ మొండితనం నాకు నచ్చింది. కానీ మొండికేసింది ముగ్గురు. పియర్ట్ రాస్తే గెడ్డీ లీ పాడాడు, అలెక్స్ లైఫ్‌సన్ గిటార్ పట్టాడు.

ఈ కొండ మీద భిక్షువులదీ అదే లెక్క. "మీకు మీరే శరణు" అన్న బుద్ధుడి మాట పట్టుకుని వచ్చినవాళ్లు. నీళ్ల కోసం రాతిలో తొట్లు తొలిపించారు. ఒకదాని అంచున పచ్చగా పాచి, నీళ్లలో ఎవరో పడేసిన చిప్స్ ప్యాకెట్. (దాన్ని కర్రతో లాగేసరికి మా ఇద్దరి చెప్పులూ తడిసిపోయాయి.) నీళ్లు సొంతం, అన్నం మాత్రం భిక్ష. ఇక్కడి తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయంటే సముద్ర వ్యాపారం చేసేవాళ్ల చెయ్యి కూడా వీళ్ల మీద ఉండే ఉంటుంది.

మావాడు పూర్తిగా ఒప్పుకోలేదు. "పెద్దోళ్లు అలాగే అంటారు" అని నవ్వి ఊరుకున్నాడు. భీమిలిలో చేపల పులుసుతో అన్నం తింటుండగా మెల్లగా, "మావయ్యా, డ్రమ్స్ పక్కన వాయించే ఇత్తడి పళ్లాలు, అవే సింబల్స్, కొత్తవి కొనడానికి సగం డబ్బులు నువ్వు వేస్తావా?" అన్నాడు. వేస్తానన్నాను. మిగతా సగం వాడే సంపాదించుకోవాలని షరతు పెట్టాను.