నెహాలెం ఒడ్డున గుర్రాలు, దివిసీమ పలుపులు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డు అందరిదీ. 1913లో గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ హయాంలో తడి ఇసుక మేరకు తీరాన్ని ప్రజల రహదారిగా ప్రకటించారు. పొడి ఇసుక మీద కూడా జనం తిరగొచ్చని 1967లో ఇంకో చట్టం చేశారు. అందుకే ఇక్కడ గుర్రం ఉన్నవాళ్ళు అలల అంచు వెంబడి మైళ్ళ కొద్దీ స్వారీ చేస్తారు.

పోర్ట్‌లాండ్‌కి పడమట హిల్స్‌బరో, బీవర్టన్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది కంప్యూటర్ చిప్పుల కంపెనీల్లో పనిచేస్తారు. శని, ఆదివారాలు పిల్లల్ని డాన్సుకీ, తెలుగు క్లాసుకీ, లెక్కల ట్యూషన్‌కీ తిప్పడంతోనే సరిపోతుంది. మా పెద్దమ్మాయి మనసు మాత్రం గుర్రాల మీద పడింది. వారానికోసారి దగ్గర్లోని గుర్రపుశాలకి వెళ్ళి నేర్చుకుంటోంది. ఆ గుర్రపుశాలకి వచ్చే కుటుంబాలు వేసవిలో గుర్రాల్ని ట్రైలర్లలో ఎక్కించి నెహాలెం బే స్టేట్ పార్కుకి తీసుకెళ్తాయి. అక్కడి హార్స్ క్యాంపులో మనం టెంటు వేసుకునే చోటు పక్కనే గుర్రాలకి దొడ్లు ఉంటాయి. ఈసారి మాతో పాటు అత్తయ్య కూడా వచ్చారు. దివిసీమలో కోడూరు దగ్గర పల్లె నుంచి మనవరాళ్ళని చూడ్డానికి వచ్చి ఆరునెలలు ఉంటున్నారు.

నాకు ఆ గుర్రపుశాల మీద గౌరవం కలిగింది స్వారీ చూసి కాదు, దానికి ముందు చేయించే చాకిరీ చూసి. గుర్రం ఎక్కాలంటే ముందు ఒళ్ళంతా బ్రష్షుతో రుద్దాలి. తర్వాత భుజం ఆనించి, కాలి వెంట చెయ్యి కిందికి జార్చి, గిట్ట ఎత్తమని అడగాలి. అది ఎత్తాక ఇనప కొక్కెంతో లాడం లోపలి మట్టి, గులకరాళ్ళు గీకి తీయాలి. గిట్ట మధ్యలో మెత్తగా ఉండే చోట కొక్కెం గుచ్చుకోకూడదు. అంత పెద్ద జంతువు బరువంతా మూడు కాళ్ళ మీద వేసి నాలుగోది మా పిల్ల ఒళ్ళో పెట్టి నిలబడుతుంది. నా బిడ్డని అంతగా నమ్మిన ప్రాణిని చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఆ మొదటిరోజు గుర్రం అలల్ని చూసి బెదిరింది. తెల్లటి నురగ కాళ్ళ మీదికి పాకొస్తుంటే నేలే కదులుతోందనుకుంటుందట. అలవాటున్న ముసలి గుర్రాన్ని ముందు నడిపించి, దాని వెనక వీటిని మెల్లగా దించారు. మార్చి 15 నుంచి సెప్టెంబరు 15 దాకా స్నోయీ ప్లవర్ అనే చిన్న పిట్టలు అక్కడి పొడి ఇసుకలో గుడ్లు పెడతాయి కాబట్టి, ఆ మేర గుర్రాలు తడి ఇసుక మీదే నడవాలి. ఎండ ఉన్నా గాలి ఎముకలు కొరికేస్తోంది. అత్తయ్య శాలువా మీద జాకెట్ వేసుకుని దూరంగా కూర్చున్నారు, నీళ్ళ వైపు రాలేదు.

తిరిగొస్తుంటే దారిలో నీలంరంగు బోర్డు కనిపించింది. పెద్ద అల, గుట్ట ఎక్కుతున్న మనిషి బొమ్మ. అదేమిటని ఆవిడ అడిగితే మా అమ్మాయి స్కూల్లో విన్నదంతా చెప్పింది. 1700 జనవరి 26న ఈ తీరం దగ్గర మహా భూకంపం వచ్చిందనీ, సునామీ అలలు జపాన్ దాకా పోయాయనీ, అక్కడివాళ్ళు రాసిపెట్టుకున్న కాగితాల వల్లే తేదీ తెలిసిందనీ, మళ్ళీ అలాంటిది వస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో నీళ్ళు వచ్చేస్తాయనీ.

ఆవిడ అంతా విని ఒక్కటే అడిగారు. "మరి గుర్రాల కట్లు ఎవరు విప్పుతారే?"

ఆ రాత్రి టెంటు ముందు పులిహోర తింటూ, 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి చెప్పారు. దివిసీమని ముంచి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఉప్పెన అది. ఆవిడ అప్పటికి కొత్త కోడలు. గాలికి దీపాలు ఆరిపోయాయి, పాకలో గేదెలు అరుస్తున్నాయి. తడిసిన పలుపుముళ్ళు ఎంత లాగినా ఊడలేదట. వాళ్ళ అత్తగారు కొడవలితో రెండింటి పలుపులు కోశారు. మూడోదాని దగ్గరికి వెళ్ళేలోపు నీళ్ళు నడుముదాకా వచ్చాయి, అందరూ పక్కింటి డాబా ఎక్కేశారు. "కట్టుగొయ్యకే ఉండిపోయింది పిచ్చిది. చూలుతో ఉంది," అన్నారు.

ఇంటిపేరు, గోత్రం, పండగలు అడిగితే అప్పగించేలా పిల్లలకి నేర్పిస్తుంటాం. అవీ కావాలి, కాదనను. కానీ మన పెద్దవాళ్ళు బతికి తెలుసుకున్నది వాళ్ళు ఇక్కడ బతకడానికీ పనికొస్తుందని ఎందుకో మనమే నమ్మం. అమెరికాలో నాయనమ్మంటే మురిపెం, జంతికలు, వీడియో కాల్ అన్నట్టు చేసేశాం. ఆ రాత్రి నా కూతురు తన నాయనమ్మని ఒక పని తెలిసిన మనిషిగా చూసింది. ప్రశ్న మీద ప్రశ్న వేసింది. తెలుగులో మాట తట్టనిచోట చేతులతో చూపించి మరీ అడిగింది.

తెల్లారి, గుర్రాల కట్లు ఎవరు విప్పుతారన్న ప్రశ్న తీసుకుని, స్వారీ నేర్పే టీచరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తేలిగ్గా తీసుకోలేదు. పిల్లలందర్నీ వెంటబెట్టుకుని బోర్డులు చూపించే దారిలో నడిపించింది. నేల గట్టిగా కదిలితే సైరన్ కోసం చూడొద్దు, ముందు మనుషులు కాలినడకన ఎత్తుకి పోవాలి, చేతికందే దూరంలో ఉంటే దొడ్డి గేటు తీసి వదిలెయ్యాలి, వెనక్కి మాత్రం రాకూడదు అని చెప్పింది.

తర్వాత మా అమ్మాయి నాయనమ్మని కట్టురాట దగ్గరికి పిలిచి తాళ్ళు చూపించింది. ఇక్కడ గుర్రాన్ని కట్టేటప్పుడు ఒక్క లాగుకి ఊడే ముడే వేస్తారు. గుర్రం బెదిరి గుంజుకున్నా వెంటనే విప్పొచ్చు. తాడు రాట చుట్టూ తిప్పి, మడత పెట్టి, ఆ మడతని చుట్టులోంచి దూర్చాలి. వదులు కొస లాగితే చాలు. అత్తయ్య వేసి చూశారు, లాగి చూశారు, తాడు నీళ్ళలో ముంచి మళ్ళీ లాగారు. తడిసినా ఊడింది.

ఇంటికి రాగానే నాగాయలంకలో పాడి ఉన్న తమ్ముడికి వీడియో కాల్ చేయించి ఆ ముడి చూపించమన్నారు. మా అమ్మాయి కుర్చీ కాలికి చున్నీ కట్టి చూపించింది. "బానే ఉందమ్మా, మరి గేదె నోటితో లాగేసుకుంటే?" అన్నాడు ఆయన.

"కొస తీసి ఆ లూప్‌లో పెట్టెయ్యి తాతయ్యా, అప్పుడు రాదు. నువ్వు విప్పేటప్పుడు ముందు అది తియ్యాలి," అని మళ్ళీ మొదట్నుంచీ కట్టడం మొదలుపెట్టింది.