మూడు వేళ్లు పట్టని నోరు

ఈ రోజు షాపు తెరిచేసరికి పదకొండు దాటింది. పొద్దున్నే పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. ఆరు నెలలుగా కుడి చెవి ముందు నొప్పి, ఆవలిస్తే టక్కుమని చప్పుడు. ఈ నెలలో అయితే నిద్ర లేచేసరికి దవడ బిగుసుకుపోయి ఇడ్లీ ముక్క పెట్టుకోవడానికి కూడా నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు. మొదట చెవిపోటు అనుకున్నాను, చుక్కల మందు రాసిచ్చారు, తగ్గలేదు, తర్వాత చూసినాయన చెవి శుభ్రంగా ఉందన్నాడు. సరే, పన్నేమో అని ఇంకోచోటికి వెళితే ఎక్స్‌రే కూడా తియ్యకుండా వెనక జ్ఞానదంతం పీకేశారు. పన్ను పోయింది, నొప్పి మాత్రం పోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇవాళ చూసినావిడ ముందు నోట్లో చెయ్యి పెట్టలేదు. రెండు చెవుల ముందూ వేళ్లు ఆనించి మెల్లగా తెరవమన్నారు, మూయమన్నారు, తర్వాత చెంపల మీద, కణతల మీద నొక్కి చూశారు. కుడి చెంప మీద నొక్కగానే ప్రాణం పోయినట్టయింది, ఆ నొప్పి నేరుగా చెవిలోకి పాకింది. “ఇదే మీ చెవిపోటు” అన్నారు. నమిలే కండరం రోజంతా బిగిసి ఉంటే దాని నొప్పి చెవిలోకీ, కణతలోకీ, పళ్లలోకీ పోతుందట, మనం అక్కడ వెతుక్కుంటూ తిరుగుతామట.

మోకాలు తలుపు బందులా మడుచుకుంటుంది గానీ దవడ కీలు అలా కాదు, నోరు తెరిచేటప్పుడు తిరుగుతుంది, ముందుకి జారుతుంది కూడా. మధ్యలో మెత్తటి చిన్న బిళ్ల ఉంటుంది. అది కాస్త ముందుకి తప్పుకుంటే, నోరు తెరిచినప్పుడు మళ్లీ దాని చోటికి వచ్చేటప్పుడు టక్ అంటుంది. నొప్పి లేకుండా ఒట్టి చప్పుడే ఉంటే వైద్యమే అక్కర్లేదన్నారు. ఇన్నాళ్లూ ఎముక అరిగిపోయిందని భయపడి చచ్చాను. ఆ మాట వినగానే సగం బరువు దిగింది.

మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూడమన్నారు, నాకు రెండే పట్టాయి. స్కేలుతో కొలిస్తే 28 మిల్లీమీటర్లు వచ్చింది, మామూలుగా 40 దాకా తెరుచుకోవాలి. మెట్లెక్కినప్పుడు దవడ లాగుతుందా, చెమటలు పడతాయా, ఛాతీ బరువుగా ఉంటుందా అనీ అడిగారు. గుండె నొప్పి కూడా కొందరికి దవడలోనే తెలుస్తుందట, అలా అయితే పళ్ల డాక్టరు దగ్గరికి కాదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలట. తర్వాత పాన్, గుండి (పాన్‌లో వక్కతో కలిపి నమిలే పొగాకు పొడి), గుట్కా నములుతారా, కారం తగిలితే నోరు మండుతుందా అని అడిగారు. నాకు లేదండీ అన్నాను. వక్క నమిలేవాళ్లకి చెంపల లోపల పొర గట్టిపడి నోరు మూసుకుపోతుంది, అది వేరే జబ్బు, కేన్సర్‌కి దారి తీయొచ్చు అన్నారు. నాకు వెంటనే మా అత్త గుర్తొచ్చింది.

ఆ తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. “పని చేస్తున్నప్పుడు మీ పై పళ్లూ కింది పళ్లూ కలిసి ఉంటాయా?” నోరు మూసుకుంటే కలిసే కదా ఉంటాయి అన్నాను. ఉండకూడదట! తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్లు ఒకదానికొకటి తగలకూడదు. పెదాలు మూసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి, నాలుక కొస పై పళ్ల వెనక అంగిటికి ఆనాలి. నలభై ఏళ్లొచ్చాయి, ఈ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు.

షాపుకొచ్చి కుట్టు మిషన్ మీద ఆకుపచ్చ గుడ్డ పేలిక కట్టాను, అది కంటబడినప్పుడల్లా పళ్లు ఎక్కడున్నాయో చూసుకోవాలని. మధ్యాహ్నం భోజనం వేళకి 14 సార్లు బిగించి దొరికాను. జాకెట్టు మెడకి పైపింగ్ వేసేటప్పుడు ప్రతిసారీ. ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడినప్పుడు. సూరత్ నుంచి మా ఆయన ఫోను రావలసిన టైముకి రాకపోతే అప్పుడూ. పైగా దారం పళ్లతో కొరకడం, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకోవడం ఇరవై ఏళ్ల అలవాటు. ఇవాళ కత్తెర మెడలో తాడుకి కట్టుకున్నాను. అయినా చెయ్యి దారాన్ని నోటి దగ్గరికే తెస్తోంది.

రాత్రిళ్లు పళ్లు నూరుతున్నానని మా పాప ఎప్పటినుంచో చెబుతోంది. కడుపులో పురుగులని అమ్మ మందు కూడా మింగించింది. నా నొప్పికీ పురుగులకీ సంబంధం లేదన్నారు డాక్టరమ్మ. ఆరు వారాలు చెప్పినవి చేసి తగ్గకపోతే అచ్చు తీసి రాత్రి పెట్టుకునే నైట్ గార్డ్ చేయిస్తారట. పళ్లు అరగదీయడం, ఆపరేషన్ అని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోవద్దు, చాలామందికి వాటి అవసరమే రాదు అన్నారు. ఈ మాట అందరికీ తెలియాలి, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా పన్ను ఎలాగూ తిరిగి రాదు.

అయిదు రోజులు తిన్నాక వేసుకోమని నొప్పి మాత్ర, రోజుకి రెండుసార్లు వేడి నీళ్లలో పిండిన తువ్వాలుతో పదిహేను నిమిషాలు కాపడం, కొన్నాళ్లు మెత్తటి తిండి. చెరుకు, వేయించిన శనగలు, జంతికలు బంద్. ఒడిశా బరంపురంలో ఉండి అప్పడం లేకుండా అన్నం తినడం కష్టమే గానీ మధ్యాహ్నం పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం), మెత్తగా చిదిమిన వంకాయ హాయిగా దిగాయి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించాలి, నోరు మరీ తెరుచుకోకుండా.

రాత్రి ఆయన ఫోను చేశారు, మిల్లులో కరెంటు పోయి షిఫ్టు ఆలస్యమైందట. మాట్లాడుతూ ఉంటే పళ్లు విడిగా ఉన్నాయని గమనించాను.

తర్వాత అత్త మంచం మీద కూర్చుని, అత్తా, మూడు వేళ్లు నోట్లో పెట్టుకుని చూడు అన్నాను. ఒకటే పట్టింది, రెండోది గోరు దాకా. “వయసు మీద పడితే అందరికీ అంతేనమ్మా” అంది, పక్కనే గుండి డబ్బా ఉంది. ఏడాదిగా కూరలో కారం తగ్గించమంటుంటే నా వంట నచ్చక అనుకున్నాను. మంగళవారం షాపు మూసేసి తీసుకెళ్తున్నాను, రానంటున్నా సరే.