చంద్రతాల్‌కు కాజా వైపు నుంచే వెళ్లాలి

హిమాచల్ ప్రదేశ్ కొండల్లో ఉన్న చంద్రతాల్ సరస్సుకు హైదరాబాద్‌లో యాత్రలు నడిపే ఏజెంట్లలో నేను మాట్లాడినవారందరూ ఇంచుమించు ఒకే ప్రణాళిక నా చేతిలో పెట్టారు. చండీగఢ్ వరకు విమానం, అక్కడి నుంచి రాత్రి బస్సులో మనాలీ, మరునాడు తెల్లవారుజామునే బయలుదేరి అటల్ సొరంగం గుండా వెళ్లి సాయంత్రానికి చంద్రతాల్, ఆ రాత్రి గుడారంలో బస. సెలవులు దొరకని ఉద్యోగులకు ఇది నచ్చడం సహజమే. అయితే సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో మొన్న నిద్ర లేచిన మనిషిని, 2,050 మీటర్ల మనాలీలో ఒక పూట నిలబెట్టి, సుమారు 4,250 మీటర్ల ఎత్తున ఉన్న సరస్సు దగ్గర పడుకోబెట్టే ప్రణాళిక అది. అంత ఎత్తులో గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో 60 శాతం దగ్గరే ఉంటుంది. పలుచటి గాలికి శరీరం అలవాటుపడక వచ్చే ఎత్తు జబ్బును తప్పించుకోవడానికి, 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఉన్నచోటనే ఆగాలనీ వైద్యులు చెబుతారు. ఈ మాట ఒక్క ఏజెంటు నోట కూడా రాలేదు. ఒకాయన మాత్రం కారులో ఆక్సిజన్ సిలిండర్ పెడతామనీ, దానికి వేరే రుసుము తీసుకోమనీ, అదొక అదనపు సదుపాయమన్నట్టు చెప్పారు. ఆ మాట విన్నప్పుడు కలిగిన కోపమే నేనీ వ్యాసం రాయడానికి కారణం.

మేము ఆ ప్రణాళికను తలకిందులు చేసుకున్నాం. చండీగఢ్ నుంచి సిమ్లా, కిన్నౌర్, స్పీతి లోయ మీదుగా అక్కడి ముఖ్య పట్టణం కాజా చేరి, అక్కడి నుంచి కుంజుమ్ కనుమ దాటి చంద్రతాల్‌లో దిగి, చివరి రోజున మనాలీ వైపు వెళ్లిపోవాలన్నది మా ఆలోచన. ఈ దారి పొడవైనది, ఖర్చు కూడా ఎక్కువే, కానీ ఎత్తు మెట్లు మెట్లుగా పెరుగుతుంది: సిమ్లా సుమారు 2,200 మీటర్లు, కల్పా 2,960, తాబో 3,280, కాజా 3,650. కల్పాలో కిన్నర కైలాసానికి ఎదురుగా గడిపిన సాయంత్రాల గురించీ, క్రీ.శ. 996లో కట్టిన తాబో మఠంలోని మట్టిగోడల చీకటి గురించీ ఇక్కడ రాయడం లేదు. అవి ఈ యాత్రకు దారి పొడవునా దొరికిన లాభాలు, అంతే.

అమెరికా నుంచి సెలవులకు వచ్చే మన పిల్లలను వెంట తీసుకువెళ్లేవారికి మాత్రం ఇక్కడొక హెచ్చరిక చేయాలి. భారతీయులకు ఈ దారిలో ఏ అనుమతీ అక్కరలేదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారికి, ఓసీఐ కార్డు ఉన్నా సరే, కిన్నౌర్ ఎగువ భాగం దాటి స్పీతిలోకి రావడానికి ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే సరిహద్దు ప్రాంతాల్లో తిరగడానికి ఇచ్చే అనుమతి, కావాలి. కిన్నౌర్ జిల్లా కేంద్రమైన రికాంగ్ పియోలో ఆ పని చూసుకోవడానికి పనిదినం ఒకటి చేతిలో ఉంచుకోవాలి. ఆదివారం నాడు అక్కడికి చేరితే ఒక రోజు పోయినట్టే.

కాజా నుంచి చంద్రతాల్‌కు ఎత్తు ఒక్కసారిగా 600 మీటర్లు, వైద్యులు చెప్పే 500 కంటే కాస్త ఎక్కువే, పెరుగుతుంది కాబట్టి కాజాలో తొందరపడకుండా ఆగడం ఈ ప్రణాళికలో ముఖ్యమైన భాగం. పగలు సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న లాంగ్జా, హిక్కిమ్ గ్రామాలకు వెళ్లి, కొంతసేపు మెల్లగా నడిచి, రాత్రికి కాజాకు దిగి వచ్చి పడుకుంటే శరీరం చంద్రతాల్‌కు సిద్ధమవుతుంది. హిక్కిమ్ తపాలా కార్యాలయం నుంచి మా ఆవిడ నర్సరావుపేటలోని వాళ్ల అమ్మగారికి కార్డు రాసింది. అక్కడి పోస్టుమాస్టరు ముద్ర వేస్తున్నంతసేపూ నేను ఆయాసపడకుండా మాట్లాడగలుగుతున్నానా అని నన్ను నేనే గమనించుకుంటూ ఉన్నాను. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు వేసుకోవాలా వద్దా అన్నది హైదరాబాద్‌లోనే మీ వైద్యుణ్ణి అడిగి తేల్చుకోండి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ఆయనకు తప్పకుండా చెప్పాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు వైద్యుడు సరేనంటేనే ఈ యాత్ర తలపెట్టాలి.

ట్యాక్సీ ధర విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. కాజా నుంచి చంద్రతాల్ తీసుకువెళ్లి, రాత్రి అక్కడ ఆగి, మరునాడు మనాలీలో దింపడానికి 14,000 రూపాయలు అడిగారు. బేరం ఆడితే ట్యాక్సీ అతను గోడ మీద అంటించిన ధరల పట్టిక చూపించి ఊరుకున్నాడు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లి రావడానికి ఇందులో సగం కూడా ఇవ్వం కదా అని మా బావమరిది దారంతా సణుగుతూనే ఉన్నాడు. వేసవిలో కాజా నుంచి మనాలీకి తెల్లవారుజామున ప్రభుత్వ బస్సు ఉంది, దాని చార్జీ చాలా తక్కువ. కానీ అది సరస్సు వరకు వెళ్లదు. బాతల్‌లో దిగి, మిగిలిన 14 కిలోమీటర్లు ఎవరైనా ఎక్కించుకుంటే ఎక్కాలి, లేకపోతే నడవాలి. వయసులో ఉన్న కుర్రాళ్లకు అది చక్కటి మార్గమే గాని, పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు కాదు. కాజాలో పెట్రోలు బంకు, ఏటీఎం ఉన్నాయి. వాటి తరువాత మనాలీ ప్రాంతం చేరేదాకా రెండింటి మీదా ఆశ పెట్టుకోకూడదు, అందువల్ల నగదు ఇక్కడే తీసుకోవాలి.

లోసర్ గ్రామం దాటాక పొలాలు అయిపోయి, కొండలు మాత్రమే మిగులుతాయి. సుమారు 4,550 మీటర్ల ఎత్తున ఉన్న కుంజుమ్ మీద మా డ్రైవరు మాటామంతీ లేకుండా కారును అమ్మవారి గుడి చుట్టూ ఒకసారి తిప్పి, దిగి దణ్ణం పెట్టుకుని వచ్చాడు. ఆ కనుమ దిగగానే చంద్రా నది లోయ తెరుచుకుంటుంది, బాతల్‌కు ముందే సరస్సు దారి కుడివైపుకు చీలుతుంది. ఒక్క బండి పట్టేంత వెడల్పున్న ఆ దారిలో, లోయ అంచున, ఎదురుగా వచ్చిన జీపుకు చోటివ్వడానికి మా డ్రైవరు మలుపు దాకా వెనక్కి నడిపిన తరువాత, మా బావమరిది 14,000 రూపాయల ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఒడ్డున గుడారాలు వేయడం నిషిద్ధం కాబట్టి శిబిరాలన్నీ సరస్సుకు దూరంగా ఉంటాయి. బండి కూడా సుమారు కిలోమీటరు ఇవతలే ఆగిపోతుంది. 2005లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందపు చిత్తడి నేలల జాబితాలో చేరిన ఈ సరస్సు విస్తీర్ణం 49 హెక్టార్లు మాత్రమే. మన ఊరి చెరువులు కొన్ని ఇంతకంటే పెద్దవి. అయినా మొదటిసారి కంటపడినప్పుడు మేమెవరమూ మాట్లాడలేదు. ఒడ్డు దగ్గర నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగునున్న పలుచటి పలకరాళ్ల మీది తెల్లని చారలు కూడా లెక్కపెట్టవచ్చు. నాలుగడుగులు లోపలికి పోయేసరికి ఆకుపచ్చ, ఆపైన ముదురు నీలం. మబ్బు అడ్డం వస్తే ఆ నీలమంతా ఒక్కసారిగా సీసం రంగుకు మారి, ఎండ పడగానే తిరిగి వచ్చేది. ధర్మరాజు ఇక్కడి నుంచే ఇంద్రుడి రథమెక్కి సశరీరంగా స్వర్గానికి వెళ్లాడని స్థానికుల నమ్మకం. మా ఆవిడ ఆ మాట విని, చివరిదాకా వెంట వచ్చిన కుక్క కథను మా అమ్మాయికి చెబుతూ ఒడ్డు వెంట చాలాదూరం నడిచింది.

ఆ సాయంత్రం శిబిరంలో గుంటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం కలిసింది. తెలుగు వినబడగానే పలకరించాం. వాళ్లు మాకు ఏజెంట్లు ఇచ్చిన ఆ ప్రణాళికతోనే ఆ ఉదయం మనాలీలో బయలుదేరి వచ్చారు. అరవై దాటిన పెద్దాయన భోజనాల గుడారంలో ఒక మూల కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నారు. "ఏం లేదు బాబూ, బస్సులో నిద్ర లేక బడలిక" అన్నారు. కోడలు పక్కకు వచ్చి, "మామయ్యగారు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదండీ, రెండుసార్లు వాంతయింది, ఎవరికీ చెప్పొద్దంటున్నారు" అని మెల్లగా చెప్పింది. శిబిరం నడిపే కుర్రవాడు రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు తెచ్చి ఆయన వేలికి పెట్టాడు, 68 చూపించింది. మా వేళ్లకు పెడితే 84, 86 ఉన్నాయి. ఆ తరువాత ఆయన లేచి బయటికి వెళ్లబోతే అడుగు తిన్నగా పడలేదు, గుడారం తాడు పట్టుకుని నిలదొక్కుకున్నారు.

ఆ క్షణం నుంచి మా డ్రైవరు మాట మారిపోయింది. తెల్లవారేదాకా ఆగవద్దనీ, ఇప్పుడే కిందికి దించాలనీ గట్టిగా చెప్పాడు. కొడుకు కాజాలో ఆసుపత్రి ఉందికదా, అక్కడికి తీసుకెళతానన్నాడు. ఈ సరస్సు విషయంలో అందరూ ముందే తెలుసుకోవలసినది సరిగ్గా అక్కడే ఉంది. చంద్రతాల్ నుంచి కాజా వెళ్లాలంటే ముందు కుంజుమ్ ఎక్కాలి, అంటే ఊపిరాడని మనిషిని ఇంకో 300 మీటర్లు పైకి తీసుకుపోవాలి. దిగే దారి ఒక్కటే: బాతల్, ఛత్రూ, కోక్సర్, అవసరమైతే కేలాంగ్ ఆసుపత్రి. ఆ దారిలో మొదటి గంట ప్రయాణానికి ఎత్తు పెద్దగా తగ్గదు, బాతల్ కూడా 3,900 మీటర్ల పైనే ఉంటుంది. కారులో ఉన్న ఆక్సిజన్ సిలిండర్ దిగేదాకా ఊపిరి నిలబెట్టడానికి పనికొస్తుందే తప్ప, దిగకుండా రాత్రంతా కూర్చోబెట్టడానికి కాదు.

పెద్దాయన ఒప్పుకోలేదు. "టెంట్లకు డబ్బు కట్టేశాం కదరా, పిల్లలు పొద్దున్నే సరస్సు చూడాలన్నారు, తెల్లారనివ్వండి" అని కొడుకును బతిమాలారు. చివరికి మా ఆవిడ ఆయన ముందు కూర్చుని, "బాబాయిగారూ, సరస్సు ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది మనమందరం కలిసే వద్దాం, ముందు మీరు దిగండి" అని శాలువా కప్పి, ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి ఇచ్చింది. వాళ్ల డ్రైవరు మనాలీ నుంచి వచ్చి అలసిపోయి ఉన్నాడు కనుక శిబిరం కుర్రవాడు బండి నడపడానికి తానే వెళ్లాడు. రాత్రి చలికి మంచు కరగడం ఆగిపోయి వాగుల్లో నీళ్లు తగ్గుతాయి కాబట్టి దారి దొరుకుతుందని ధైర్యం చెప్పాడు. అక్కడ ఎవరి ఫోనుకూ సిగ్నల్ లేదు. ఆ కారు దీపాలు మలుపు తిరిగిన తరువాత వాళ్లు ఎక్కడిదాకా వెళ్లారో తెలుసుకునే మార్గమే లేకపోయింది. మాలో ఎవరికీ ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మరునాడు వెలుగు రాగానే బయలుదేరాం. బాతల్ నుంచి గ్రాంఫూ దాకా సుమారు 50 కిలోమీటర్లు రోడ్డు అనదగినది కాదు, గుండ్రాళ్ల మీద బండి ఊగుతూ సాగుతుంది. దారికి అడ్డంగా హిమానీనదాల నుంచి దిగే వాగులు ఉంటాయి, వాటిని అక్కడివారు నాలాలంటారు. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి ఆ నాలాలు పొంగుతాయి. ఉదయం చక్రం సగం మునిగే చోట మధ్యాహ్నానికి బండ్లు బారులు తీరి ఆగిపోతాయి. అందువల్ల ఎటు నుంచి వచ్చినా ఈ భాగాన్ని పది గంటల లోపు దాటేలా చూసుకోవాలి. బాతల్‌లో చాచా-చాచీ ధాబా దగ్గర వేడివేడి రాజ్మా, అన్నం తిన్నాం. మంచులో చిక్కుకున్న ప్రయాణికులకు ఈ దంపతులు తిండి పెట్టి, చోటిచ్చి కాపాడిన సంగతి ఆ దారిలో ప్రతి డ్రైవరూ చెబుతాడు. ధరల గురించి అంత సణిగిన మా బావమరిది అక్కడ చిల్లర తిరిగి తీసుకోలేదు.

ఛత్రూ ధాబాలో మా డ్రైవరు అడగగా, తెల్లవారకముందే ఒక కారు వచ్చిందనీ, పెద్దాయన తనంతట తానే నడిచి లోపలికి వచ్చి టీ తాగారనీ, తరువాత కేలాంగ్ వైపు వెళ్లారనీ చెప్పారు. ఛత్రూ చంద్రతాల్ కంటే దాదాపు 900 మీటర్లు దిగువన ఉంది. మా ఆవిడ ఆ మాట విన్న తరువాతే టీ తాగింది.

జూన్ మధ్య నుంచి అక్టోబరు మొదటి వారాల వరకు మంచును బట్టి ఈ దారి తెరిచి ఉంటుంది. వానలు తగ్గి నాలాలు శాంతించే సెప్టెంబరు నాకు అన్నిటికంటే మంచిదనిపిస్తుంది, అయితే రాత్రి చలి గడ్డకట్టిస్తుంది కాబట్టి ఉన్ని దుస్తులు బాగా ఉండాలి. ఏ నెలలో వెళ్లినా మనాలీ చేరిన మరునాడే చండీగఢ్ నుంచి విమానం పెట్టుకోకండి. 2023 జూలైలో భారీ వర్షాలకూ అకాల హిమపాతానికీ చంద్రతాల్ శిబిరాల్లో 250 మందికి పైగా రోజుల తరబడి చిక్కుకుపోయారు. కొందరిని హెలికాప్టరులో తరలించి, మిగిలినవారి కోసం లోసర్ వైపు నుంచి కుంజుమ్ మీది మంచును తొలగించి దారి చేయవలసి వచ్చింది. అంత జరగకపోయినా, ఒక్క నాలా పొంగితే ఒక రోజు పోతుంది. ఏజెంటు ఎంత తక్కువ రోజుల్లో తిప్పి తెస్తానని చెప్పినా, ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటామో కాగితం మీద రాసి ఇమ్మని అడగండి, తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులు ఖాళీగా వదిలి ఆ తరువాతే విమానం టికెట్టు కొనండి.