ఒక వడ్డీ రేటు, ఇరవై ఒక్క దేశాలు

2003 జూన్ నుంచి 2005 డిసెంబరు దాకా, అంటే రెండున్నరేళ్లపాటు, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ కేంద్ర బ్యాంకు తన కీలక వడ్డీ రేటును 2 శాతం దగ్గరే ఉంచింది. యూరో అనే ఉమ్మడి కరెన్సీ గురించి నాకున్న అభిప్రాయాలలో చాలా భాగం, ఏ సంక్షోభమూ లేని ఈ రెండున్నరేళ్ల చరిత్రను మళ్లీ మళ్లీ తిరగేయడం వల్ల ఏర్పడినవే.

ఆ రోజుల్లో జర్మనీ నీరసించి ఉంది. 2005 తొలి నెలల్లో అక్కడ నమోదైన నిరుద్యోగుల సంఖ్య 50 లక్షలు దాటింది; ధరల పెరుగుదల మందకొడిగా ఉండటంతో ఆ 2 శాతం కూడా వాళ్లకు బరువుగానే తోచింది. అదే సమయంలో స్పెయిన్‌లో ధరలు ఏటా 3 శాతానికి పైగా పెరుగుతున్నాయి. ద్రవ్యోల్బణాన్ని తీసేసి చూస్తే అక్కడ కీలక వడ్డీ సున్నా కంటే దిగువన ఉన్నట్టు లెక్క. పైగా స్పెయిన్‌లో గృహరుణాలలో అధిక భాగం యూరిబోర్ అనే అంతర్‌బ్యాంకు రేటుకు ముడిపడి, కొద్ది నెలలకో ఏడాదికో వాయిదా మారిపోయే చర వడ్డీ రుణాలు. జర్మనీలో పదేళ్లపాటు మారని స్థిర వడ్డీ మామూలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో తీసుకున్న ఒకే నిర్ణయం మాడ్రిడ్‌లో ఇంటి వాయిదాను వెంటనే తగ్గించింది, బెర్లిన్‌లో పాత అప్పును తాకను కూడా లేదు. 2007తో ముగిసిన పదేళ్లలో స్పెయిన్‌లో ఇళ్ల ధరలు రెట్టింపును మించిపోయాయి.

సొంత కేంద్ర బ్యాంకు ఉన్న దేశమైతే అలాంటప్పుడు వడ్డీ పెంచి అప్పులకు కళ్లెం వేసేది. ఆ అధికారాన్ని స్పెయిన్ 1999 జనవరి 1న, తక్కిన పది దేశాలతో పాటు, ఉమ్మడి సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ చూసేది యూరో ప్రాంతం మొత్తానికి సగటు ద్రవ్యోల్బణాన్ని. సగటు సరిగ్గానే ఉంది. ఆ సగటులో ఎవరూ నివసించడం లేదు, అంతే.

ఒప్పందం రాసినవాళ్లు ప్రమాదాన్ని ఊహించలేదనడం న్యాయం కాదు. 1992 నాటి మాస్ట్రిక్ట్ ఒప్పందం బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతం, ప్రభుత్వ రుణం 60 శాతం మించకూడదని గీత గీసింది. అయితే వాళ్లు కాపలా పెట్టింది ఒక్క గుమ్మానికే. దొంగ ప్రభుత్వ ఖజానా వైపు నుంచే వస్తాడని వాళ్ల నమ్మకం. గ్రీసు విషయంలో అది నిజమైంది కూడా. కానీ స్పెయిన్ 2007లో మిగులు బడ్జెట్‌తో ఉంది, దాని ప్రభుత్వ రుణం జీడీపీలో 40 శాతానికి లోపే. ఐర్లాండ్ రుణం అంతకంటే తక్కువ. నిబంధనను 2003లో బాహాటంగా దాటేసిన దేశాలు జర్మనీ, ఫ్రాన్స్. వాటిపై చర్యను ఆ ఏడాది నవంబరులో ఆర్థిక మంత్రులే పక్కన పెట్టేశారు. తరువాతి రోజుల్లో క్రమశిక్షణ గురించి వినిపించిన ఉపన్యాసాలను ఈ సంగతి గుర్తుపెట్టుకుని చదివితే కొంచెం వినోదం కూడా దొరుకుతుంది.

అప్పు పేరుకున్నది బ్యాంకుల దగ్గర. ఉత్తరాది పొదుపు దక్షిణాది బ్యాంకులకు చేరి, అక్కడ కాంక్రీటుగా మారింది. భయం పుట్టిన రోజున ఆ డబ్బు వచ్చిన దారినే వెనక్కి మళ్లింది. ఇదివరకటి రోజులైతే స్పెయిన్ సొంత కరెన్సీ పెసేటా విలువ పడిపోయేది. 1992–93లో స్పెయిన్ దాని విలువను మూడుసార్లు తగ్గించుకుంది. ఈసారి ఆ తలుపు మూసి ఉంది కాబట్టి సర్దుబాటు భారమంతా జీతాల మీద, ఉద్యోగాల మీద పడింది. 2013లో స్పెయిన్ నిరుద్యోగం 26 శాతానికి చేరింది.

వెనక్కి మళ్లడం అంటే ఏం జరిగిందో దగ్గరగా చూడటం మంచిది. మాడ్రిడ్‌లో ఒక ఖాతాదారు తన డబ్బును ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బ్యాంకుకు బదిలీ చేస్తే, టార్గెట్ అనే చెల్లింపుల వ్యవస్థలో స్పెయిన్ కేంద్ర బ్యాంకు పేరిట అంత బాకీ, జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ పేరిట అంత రాబాకీ నమోదవుతాయి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, పరిమితీ లేదు. 2012లో బుండెస్‌బ్యాంక్ రాబాకీ 70,000 కోట్ల యూరోలు దాటింది. జర్మనీలో చాలామంది దీన్ని చాటుమాటు రుణమని కోప్పడ్డారు. నా దృష్టిలో మాత్రం ఉమ్మడి కరెన్సీ అంటే అదే. ఆ ఖాతాకు పరిమితి పెట్టిన మరుక్షణం మాడ్రిడ్ యూరో, ఫ్రాంక్‌ఫర్ట్ యూరో వేరువేరు కరెన్సీలైపోతాయి.

నిజంగా అలా అయిన సందర్భాలూ ఉన్నాయి. 2013 మార్చిలో సైప్రస్ బ్యాంకుల్లోని యూరోలు దేశం దాటకుండా ఆంక్షలు పెట్టారు. 2015 వేసవిలో గ్రీసులో ఏటీఎం నుంచి రోజుకు 60 యూరోలే తీసుకోగలిగేవారు. అక్కడి ఆంక్షలు పూర్తిగా తొలగింది 2019 సెప్టెంబరులో. నోటు మీద అచ్చు ఒకటే, విలువ ఒకటే, కానీ ఏ బ్యాంకులో ఉందన్నదాన్ని బట్టి దాని స్వేచ్ఛ మారిపోయింది.

2011లో యూరోపియన్ కేంద్ర బ్యాంకు ఏప్రిల్‌లో ఒకసారి, జూలైలో ఒకసారి వడ్డీ పెంచడం పొరపాటని నేను సంకోచం లేకుండా అంటాను. ఏడాది ముగిసేలోపే రెండింటినీ వెనక్కి తీసుకున్నారు. 2012 జూలైలో స్పెయిన్ పదేళ్ల ప్రభుత్వ బాండ్ల రాబడి, అంటే ఆ ప్రభుత్వం కొత్త అప్పుకు చెల్లించాల్సిన వడ్డీ, 7 శాతం దాటినప్పుడు పరిస్థితిని నిలబెట్టింది వడ్డీ రేటు కాదు, ఒక మాట. జూలై 26న లండన్‌లో, యూరోపియన్ కేంద్ర బ్యాంకు అప్పటి అధ్యక్షుడు మారియో ద్రాగీ, తమ అధికార పరిధిలో యూరోను కాపాడటానికి ఏది అవసరమైతే అది చేస్తామన్నారు. సెప్టెంబరులో ఆ మాటకు బాండ్ల కొనుగోలు పథకం రూపం ఇచ్చారు. ఆ పథకం కింద ఇంతవరకు ఒక్క బాండు కూడా కొనలేదు. కేంద్ర బ్యాంకు వెనుక ఉందన్న నమ్మకమే రాబడులను దించింది.

ఆ తరువాత జరిగిన ఏకీకరణలో నేను ఎక్కువ విలువనిచ్చేది పెద్ద బ్యాంకుల పర్యవేక్షణ 2014 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌కు మారడానికి. కాపలా లేని రెండో గుమ్మం అదే కదా. 2020లో 75,000 కోట్ల యూరోల పునరుద్ధరణ నిధికి యూరోపియన్ యూనియన్ ఉమ్మడిగా అప్పు చేయడం కూడా పెద్ద అడుగే, కానీ దాన్ని ఒక్కసారి ఏర్పాటుగానే రాసుకున్నారు. డిపాజిట్ బీమా మాత్రం ఈనాటికీ ఏ దేశానికి ఆ దేశానిదే. లక్ష యూరోల హామీ అన్నిచోట్లా ఒకటే, హామీ ఇచ్చే భుజాలు వేరు. ఉమ్మడి బీమా ప్రతిపాదన 2015 నుంచి బల్ల మీదే ఉంది.

సగటు సమస్య కూడా ఎక్కడికీ పోలేదు. 2022 ఆగస్టులో ఎస్టోనియా ద్రవ్యోల్బణం 25 శాతానికి చేరితే, ఫ్రాన్స్‌లో అది 7 శాతం లోపే. ఇద్దరికీ వడ్డీ ఒకటే. తేడా ఏమిటంటే, ఆ జూలైలో, బ్యాంకులు తన దగ్గర ఉంచే డిపాజిట్లపై వడ్డీని కేంద్ర బ్యాంకు మైనస్ 0.5 శాతం నుంచి సున్నాకు పెంచిన రోజునే, ఏ ఒక్క దేశపు బాండ్ల రాబడులైనా అకారణంగా ఎగబాకితే జోక్యం చేసుకునే సాధనాన్ని కూడా ప్రకటించారు. పదేళ్ల కిందటి పాఠాన్ని ఈసారి ముందే తిరగేసినట్టున్నారు.

2026 జనవరి 1న బల్గేరియా 21వ సభ్యదేశంగా చేరింది. దాని పాత కరెన్సీ లెవాను మార్చిన రేటు యూరోకు 1.95583 లెవాలు. ఆ అంకె ఎక్కడో చూసినట్టుందని వెతికితే, 1999లో జర్మన్ మార్కును యూరోలోకి మార్చిన రేటు కూడా సరిగ్గా అదే. లెవాను 1997లోనే మార్కుకు కట్టేశారు; మార్కు పోయాక ఆ ముడి యూరోకు బదిలీ అయింది. అంటే బల్గేరియా దాదాపు 28 ఏళ్లపాటు తాను పాల్గొనని సమావేశాల్లో తేలిన వడ్డీ వెంటే నడిచింది. ఇప్పుడు దాని కేంద్ర బ్యాంకు గవర్నరుకు వడ్డీ నిర్ణయించే మండలిలో కుర్చీ దొరికింది. ఐదు పెద్ద దేశాలకు నాలుగు ఓట్లు, తక్కిన పదహారు దేశాలకు పదకొండు ఓట్లు వంతులవారీగా తిరుగుతాయి కాబట్టి, ఆ గవర్నరు కొన్ని నెలలు ఓటు వేస్తారు, తక్కిన నెలల్లో చర్చలో మాట్లాడి ఊరుకుంటారు.