గోధుమ బీరు, వంజరం వేపుడు, ఈత కల్లు

విశాఖ వెళ్తున్నానంటే ఎవరైనా మొదట అడిగేది "అరకు వెళ్తున్నావా?" అనే. ఈసారి కాదు. సంక్రాంతి వెళ్ళిన వారం, చలి ఇంకా కాస్త మిగిలి ఉండగా, బీరు తాగడానికే వైజాగ్ వెళ్ళాను. ఇంట్లో ఈ సంగతి ఇంత సూటిగా చెప్పలేదనుకోండి. కాలేజీ ఫ్రెండ్‌ని కలవాలన్నాను. అదీ నిజమే.

హైదరాబాద్‌లో లేని బీరు అక్కడేముంది అంటారేమో. జూబ్లీహిల్స్ చుట్టుపక్కల తమ బీరు తామే తయారుచేసుకునే పబ్బులు కావలసినన్ని ఉన్నాయి. కానీ శనివారం రాత్రి అక్కడ ఎదురుగా కూర్చున్నవాడితో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. పైగా మా ఊరికి చేప ఐసులో పడుకుని వస్తుంది. వైజాగ్‌లో ఫిషింగ్ హార్బర్ ఊళ్ళోనే ఉంది. నా లెక్కలో బీరుకి చేపను మించిన తోడు లేదు. అందుకే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను. 1974 నుంచి తిరుగుతున్న బండి అది. సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి అనకాపల్లి దాటి, దువ్వాడ వచ్చిందని పక్క బెర్తు వాళ్ళు సామాన్లు దించుకుంటుంటారు.

మావాడు ఎంవీపీ కాలనీలో ఉంటాడు. చుట్టరికం ఏమీ లేదు, కాలేజీ రోజుల నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. బీరు అనగానే వాడికి పాత బాధ ఒకటి పొంగుకొస్తుంది. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా ఆంధ్రాలో మద్యం షాపులు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి కదా, ఆ ఐదేళ్ళూ తనకు నచ్చిన బ్రాండ్ దొరకలేదని. "షాపులో ఏది ఉంటే అదే, పేరు కూడా అడక్కూడదు" అని ఆ రోజంతా చెబుతూనే ఉన్నాడు. సాయంత్రమైతే గానీ ఆగలేదు.

సాయంత్రం బైకు ఇంట్లోనే వదిలేసి ఆటోలో సిరిపురం వైపు వెళ్ళాం. పబ్బు పేరు చెప్పను, ప్రకటన అనుకుంటారు. పై అంతస్తు, ఒక పక్క తెరిచి ఉంటుంది, గాలి బాగా వస్తుంది. అద్దం గోడ వెనక స్టీలు ట్యాంకులు వరసగా ఉన్నాయి. నన్ను ముందు ఆకట్టుకున్నది మాత్రం ట్యాంకులు కాదు, జనం. పక్క టేబుల్ దగ్గర నలుగురు అమ్మాయిలు, ఆఫీసు అయిపోయి వచ్చినట్టున్నారు, బ్యాగులు కుర్చీలకు తగిలించి హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆ మూల ఒక పెద్దాయన, ఆయన భార్య. ఎవరూ ఎవరినీ తేరిపార చూడటం లేదు. మన బార్లలో ఇది ఊహకందని దృశ్యం. ఇలా పబ్బులోనే కొద్దికొద్దిగా తయారుచేసే క్రాఫ్ట్ బీరు అంటే ఖరీదు ఎక్కువని మావాడు సణుగుతాడు గానీ, ఆ ఖరీదులో కొంత దీనికే ఇస్తున్నామని నాకనిపించింది.

మొదట రుచి చూసే ట్రే చెప్పాం. చెక్క పలక మీద చిన్న చిన్న గ్లాసులు గుంటల్లో నిలబెట్టి తెచ్చాడు వెయిటరు. మావాడు ముఖం మాడ్చుకున్నాడు. "ఏటి బావా ఇది, దగ్గు మందు పోసినట్టు!"

గోధుమ బీరుతో మొదలుపెట్టాం. మసకగా, లేత పసుపు రంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అరటిపండు వాసన, వెనకాలే లవంగం. అరటిపండు ఎసెన్స్ కలిపారని మావాడు గట్టిగా వాదించాడు. అంతలో బీరు తయారుచేసే కుర్రాడు అటుగా వస్తే పిలిచి అడిగాం. నర్సీపట్నం దగ్గరి అబ్బాయి, చెప్పడమంటే సరదా. అరటిపండూ లేదు, లవంగమూ లేదు, ఆ వాసనలన్నీ ఈస్ట్ పెట్టే భిక్షేనన్నాడు. చక్కెరను తింటూ అది ఆల్కహాల్‌తో పాటు ఇంకా ఏవేవో వదులుతుంది. ఈ రకం బీరుకి వాడే ఈస్ట్‌కి ఆ గుణం మరీ ఎక్కువట.

వదలకుండా ఇంకా అడిగాం. అద్దం గోడ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్. మన ఇళ్ళల్లో పిల్లల కోసం రాగులతో చేసే పనే. దాన్ని మరపట్టి, సుమారు 65 డిగ్రీల వేడి నీళ్ళలో ఉంచితే పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. ఆ నీళ్ళు వడగట్టి, హాప్స్ అనే తీగ పువ్వులు వేసి గంట సేపు మరిగిస్తారు, చేదు అక్కడి నుంచే. చల్లార్చి ఈస్ట్ వేస్తారు. బీరుల్లో ఏల్ అనే రకాలు 20 డిగ్రీల దరిదాపుల్లో కొద్ది రోజుల్లోనే పులుస్తాయి. లాగర్ అనే రకమైతే అంతకన్నా చల్లగా ఉండాలి, తర్వాత వారాల తరబడి ట్యాంకులోనే పడుకోవాలి. ఉన్న నాలుగు ట్యాంకుల్లో ఒకటి అన్ని వారాలు లాగర్‌కి అప్పగిస్తే అమ్ముకునేదేముంది? చిన్న బ్రూవరీల మెనూల్లో ఏల్ రకాలే ఎందుకు ఎక్కువో అప్పుడు అర్థమైంది.

రెండో గ్లాసు బెల్జియం పద్ధతి బీరు. అందులో నారింజ తొక్క, ధనియాలు. అవును, ధనియాలే. రసంలో వేసేవి బీరులో వేశారని మావాడు నోరెళ్ళబెట్టాడు. తాగాక ఇంకో గ్లాసు చెప్పాడు. బవేరియాలో 1516లో ఒక చట్టం చేశారు, బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదని. ఈస్ట్ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు కాబట్టి దాని ఊసే లేదు. ఆ లెక్కన మా ట్రేలో సగం గ్లాసులు నేరస్థులే.

ఐపీఏ దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. ఇండియా పేల్ ఏల్ అని మన దేశం పేరు మోసుకు తిరుగుతుంది గానీ, మన తిండికీ దానికీ పడదు. లండన్ నుంచి మద్రాసుకీ కలకత్తాకీ నెలల తరబడి ఓడల్లో వచ్చే బీరు పాడైపోకుండా హాప్స్ దట్టించేవారు, ఆ వారసత్వమే ఈ చేదు. విశాఖలో కూడా ఈస్టిండియా కంపెనీ కోఠీ ఉండేది కాబట్టి, ఈ తీరంలో ఏ దొరో ఇలాంటిదే తాగుతూ ఉక్కపోతను తిట్టుకునే ఉంటాడు. ఆ దొర మాత్రం పక్కన వంజరం వేపుడు పెట్టుకుని ఉండడు. మేం పెట్టుకున్నాం. వేపుడు అద్భుతం. ముక్క మందంగా, పైన కారం, అల్లం వెల్లుల్లి పట్టి పెనం మీద కరకరలాడేలా ఉంది. ఒక ముక్క తిని ఐపీఏ గుటక వేస్తే నాలుక మంటెత్తిపోయింది. చేదు, కారం ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. అదే వేపుడుతో గోధుమ బీరు తాగి చూడండి, మంట దిగుతుంది, చేప రుచి నిలుస్తుంది. ఆంధ్రా భోజనంతో ఐపీఏ తాగమని చెప్పేవాళ్ళు ఆ రెండూ కలిపి ఎప్పుడూ రుచి చూడలేదని నా అభిప్రాయం.

చివరి గ్లాసు స్టౌట్. నల్లగా, కాఫీ వాసనతో. కాఫీ వేయకపోయినా మాడే దాకా వేయించిన బార్లీకి ఆ వాసన వస్తుంది. బాగుంది, కానీ ఒక కోరిక పుట్టించింది. 2019లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో పండుతుంటే, దాన్ని ఈ స్టౌట్‌లో ఎందుకు వేయరు? ఆ కుర్రాడిని అడిగితే "ఓనరు గారికి చెప్పండి సార్" అని నవ్వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం జగదాంబ దగ్గర ఒక పాత ఏసీ బార్. మధ్యాహ్నమే రాత్రి చేసే చీకటి, టీవీలో క్రికెట్, అడక్కుండానే ఉడకబెట్టిన శనగలు. ఇక్కడ స్ట్రాంగే రాజ్యం, 8 శాతం దాకా అని సీసా మీదే రాసి ఉంటుంది. దాన్ని గడ్డకట్టేంత చల్లగా ఇస్తారు, ఎందుకంటే ఆ చలి దిగితే రుచి తెలిసిపోతుంది. ఆడమనిషి అన్నది కనపడలేదు. బిల్లు ముందు రోజు బిల్లులో మూడో వంతు కూడా లేదని మావాడి ముఖం వెలిగిపోయింది. బయటకొచ్చి బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తింటూ, కురుసుర జలాంతర్గామి దాకా నడిచాం. ఆ బార్ గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

ఆదివారం పొద్దున్నే మాత్రం నన్ను భీమిలి వైపు కారెక్కించాడు. బ్రూవరీ కుర్రాడి ఉపన్యాసం విన్నప్పటి నుంచీ వాడి బుర్రలో ఒక పురుగు దొలుస్తోంది. "అంత ట్యాంకు, అంత కరెంటు ఎందుకు బావా, మా ఈత చెట్టు ఇవేవీ లేకుండానే చేసేస్తాది" అని. ఈత కల్లుకి చలికాలమే అదను. రోడ్డు నుంచి లోపలికి, తోటల మధ్య, అప్పుడే చెట్టు దిగిన లొట్టి నుంచి గ్లాసులో పోశారు. చెట్టు మీదే పులియడం మొదలవుతుంది, గాలిలోని ఈస్ట్ దానంతటదే వచ్చి పడుతుంది. తియ్యగా, సన్నటి నురగతో, నాలుక మీద చిటపటలాడుతూ ఉంది. మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, సాయంత్రానికి ఆ పులుపు ముదిరిపోతుంది. వడగట్టని గోధుమ బీరు కూడా ఈ జాతిదే, పుట్టిన చోట తాజాగా తాగితేనే దాని రుచి. అందుకోసం రైలెక్కి రావడంలో తప్పేమీ లేదని నన్ను నేను సమర్థించుకున్నాను.

మావాడు డ్రైవ్ చేయాలి కాబట్టి ముట్టుకోలేదు. తన వాటా నీళ్ళ సీసాలో పోయించుకున్నాడు. పోసినాయన చెప్పనే చెప్పాడు, "మూత బిగించకండి బాబూ, పేలిపోద్ది." ఒలికిపోతుందని వీడు బిగించాడు. రుషికొండ దాటాక వెనక సీటులో ఢాం అని మోగింది. అద్దాలన్నీ దించుకుని ఎంవీపీ కాలనీ చేరాం. వాడి భార్య, అదే మా చెల్లెమ్మ, గుమ్మంలోనే నిలబడి కారు వాసన చూసి, "అన్నయ్యా, మీరు తాగారా, కారు తాగిందా?" అంది. కారే తాగిందని వాడు ప్రమాణం చేసి చెప్పాడు, అయినా సీటు కవర్లు మాత్రం మా ఇద్దరి చేతా ఉతికించింది.