ఊరి చరిత్ర పుస్తకాన్ని నేను వెనక నుంచి చదువుతాను

ఈ మధ్య ఊరి చరిత్రల పుస్తకాలు బాగా వస్తున్నాయి. రాజవంశాల చరిత్రలు కాదు, ఒక ఊరు, ఒక మండలం, ఒక గుట్ట, ఒక కోట, ఇలా చిన్న హద్దు గీసుకుని రాసినవి. రాసేవాళ్లలో చాలామంది రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఊళ్లో ఉండి రాళ్ల వెంట తిరిగే కుర్రాళ్లు. ప్రచురణకర్త పేరుండాల్సిన చోట వాళ్ల ఇంటి అడ్రసే ఉంటుంది. పెద్ద సంస్థలు పట్టించుకోని పనిని సొంత డబ్బు పెట్టి చేస్తున్నారు, అందుకు ముందు దండం పెట్టాలి. నా గొణుగుడు ఆ తర్వాత.

ఇలాంటి పుస్తకం చేతికొస్తే నేను ముందుమాటల జోలికి పోను (ఎలాగూ నాలుగైదు ఉంటాయి, అన్నిట్లోనూ రచయిత కృషి అభినందనీయమే). నేరుగా చివరి పేజీలకు పోతాను. శాసనాల పాఠం ఉన్నదున్నట్టు వేశారా, లేక "ఇక్కడ కాకతీయుల కాలం నాటి శాసనం కలదు" అని ఒక్క ముక్కతో సరిపెట్టారా? రాయి ఎక్కడుందో చెప్పారా? గుడి మండపంలోనా, చెరువు తూము దగ్గరా, ఎవరి పొలం గట్టు మీదా? ఈ వివరం ఇప్పుడే రాసిపెట్టుకోకపోతే రేపు గుడికి కొత్తగా సున్నమో రంగో వేసేస్తారు, అక్షరం కనపడదు. దానం చెడగొట్టినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని చాలా శాసనాల చివర శాపం చెక్కి ఉంటుంది, పెయింటు డబ్బా పట్టుకున్నవాళ్లు అక్కడిదాకా చదివినట్టు లేరు.

ఒక్క ఊరి రాయి ఎంత పని చేస్తుందో చెప్పడానికి చందుపట్ల చాలు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి ఊరు. పువ్వుల ముమ్మడి అనే ఆయన, చనిపోయిన రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని గుడికి భూమి ఇచ్చి రాయి వేయించాడు. ఆ రాయి వెలుగులోకి వచ్చేదాకా ఆమె పాలన 1295 దాకా సాగిందని రాసుకుంటూ పోయారు. రాయి మీద ఉన్నది శక 1211, విరోధి సంవత్సరం. శకానికి 78 కలిపితే 1289, అంటే అప్పటికే ఆమె లేదు. సరిగ్గా ఉందో లేదో మనమే చూసుకోవచ్చు కూడా. మనకు తెలిసిన విరోధి 2009 ఉగాదికి వచ్చింది, అరవై ఏళ్ల చక్రాలు పన్నెండు వెనక్కి, అంటే 720 తీసేస్తే మళ్లీ 1289. శకమూ సంవత్సరం పేరూ రెండూ ఇచ్చిన పుస్తకంలో ఈ లెక్క నేను తప్పకుండా వేసి చూస్తాను. ఒక ఏడాది తేడా వస్తే ఫర్వాలేదు, నడుస్తున్న ఏడాదిని లెక్కేశారా గడిచిన ఏడాదినా అన్నదాన్ని బట్టి వస్తుంది. ఇరవై ఏళ్లు తేడా వస్తే మాత్రం రాయినైనా తప్పు చదివారు, లేదా అచ్చుతప్పు.

ఇక పురాణం సంగతి. ప్రతి ఊళ్లోనూ పాండవులు ఒక రాత్రి పడుకుంటారు, రాముడు ఒక లింగం ప్రతిష్ఠిస్తాడు. అది తీసేయమని నేను అనను. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం మన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యల బృందాలు ఊరూరా తిరిగి రాయించిన కైఫియతుల్లోనూ (ఊరి సంగతుల రికార్డులు) ఇదే కలగాపులగం. స్థలపురాణం, కరణాల కవిలెల్లో (లెక్కల పుస్తకాల్లో) ఉన్న మాన్యాల లెక్కలు, చెరువులు, ఎవరు ఎప్పుడు దోచుకుపోయారు, అన్నీ ఒకే ఊపిరిలో వస్తాయి. గుంటూరు వైపు కైఫియతుల్లో కాకతీయ రాజు గణపతిదేవుడి ప్రధాని గోపరాజు రామన్న శక 1067లో నియోగి బ్రాహ్మణులకు ఊళ్ల కరణీకాలు (ఊరి లెక్కలు రాసే పదవులు) పంచిపెట్టాడని ఉంటుంది. శక 1067 అంటే 1145. గణపతిదేవుడు గద్దెక్కిందే 1199లో! తేదీ నిలవదు, కానీ కరణీకం మాది అని చెప్పుకోవడానికి ఆ కథ ఎంత అవసరమైందో దాన్ని బట్టే తెలుస్తుంది, అది కూడా చరిత్రే. ఇప్పటి పుస్తకాల్లో నాకు కోపం తెప్పించేది ఏమిటంటే, ఇలాంటి కథని తెచ్చి "చరిత్ర ప్రకారం" అని మొదలుపెట్టడం. మా ఊళ్లో ఇలా చెప్పుకుంటారు అని ఒక్క మాట రాస్తే పోయేదేముంది.

రాళ్లతో ఇంకో పేచీ ఉంది. దానం ఇచ్చినవాడి పేరు, పుచ్చుకున్నవాడి గోత్రం చెబుతాయి గాని చెరువు తవ్వినవాళ్లెవరో ఎక్కడా పెద్దగా చెప్పవు. అందుకే కొత్తవాటిలో నేను ముందు కొనేవి కులపురాణాలు, పటం కథలు (బొమ్మల పటం చూపిస్తూ చెప్పేవి) సేకరించిన పుస్తకాలు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు, చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాన్ని గుడ్డ చుట్ట విప్పినట్టు కొంచెం కొంచెం దింపుతూ రాత్రంతా కథ చెప్పే వాళ్లు. ఈ కథల్లో లోకం పుట్టింది వేరేగా ఉంటుంది, ఎవరు ముందు పుట్టారు, ఎవరికి ఎవరు బాకీ అన్నది కూడా. ఈ కథకుల పిల్లల్లో చాలామంది ఇప్పుడు వేరే పనుల్లోకి పోయారు, కథ పూర్తిగా వచ్చినవాళ్లు పెద్దవయసులో ఉన్నారు.

ఇంత విలువైనది అచ్చు వేస్తూ కొందరు చేసే పని చూస్తే కడుపు మండుతుంది. కథకుడి మాటను "సంస్కరించి" శిష్టభాషలోకి మార్చేస్తారు. పాటంతా తీసేసి సారాంశం రాస్తారు. చెప్పిన మనిషి పేరూ ఊరూ కృతజ్ఞతల్లో చివరి వరుసకు పోతాయి, ఒక్కోసారి అక్కడా ఉండవు. ఒక పుస్తకంలో సేకర్త ఫొటోలు పేజీపేజీకీ ఉన్నాయి, పటం ఫొటో నలుపు తెలుపులో తపాలా బిళ్ల అంత! ఆడియో రికార్డు చేసే ఉంటారు కదా, పేజీ కింద ఒక క్యూఆర్ కోడ్ వేస్తే సరిపోదా? పేర్ల సూచిక కూడా వేయండి బాబూ, మా తాత ఊరు ఇందులో ఉందో లేదో తెలుసుకోవడానికి మూడు వందల పేజీలు తిరగేయలేం.

ఇవి ఎక్కడ దొరుకుతాయని అడిగేవాళ్లకు: పెద్ద షాపుల్లో వెతకొద్దు. డిసెంబరు జనవరి నెలల్లో హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో మూలనున్న చిన్న స్టాళ్లు చూడండి. అక్కడా లేకపోతే పుస్తకం చివరి అట్ట ఫొటో ఎవరైనా ఫేస్‌బుక్‌లో పెడతారు, దాని మీద రచయిత నంబరే ఉంటుంది. ఫోన్ చేస్తే ఆయనే పోస్టులో పంపిస్తారు. కాకపోతే కాస్త తీరిక చూసుకుని చేయండి, అడ్రసు రాసుకునే లోపు మీదే ఊరు, అక్కడ పాత గుడి ఉందా, దాని ముందు రాయేమైనా ఉందా అని మొదలుపెడతారు.